ఇద్వల్ గారి ఇంగ్లీషు మర్యాద

మర్యాద వల్ల నాశనమైన జాతి చరిత్రలో ఒక్కటీ కనిపించదు. అలా నాశనమైనవాళ్ళు మర్యాదకొద్దీ ఆ సంగతి ఎవరికీ చెప్పి ఉండరు కనక, చరిత్రకారుల్ని తప్పుపట్టి లాభం లేదు. మా కుమ్‌హెలిగ్ లోయ సంగతి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. చెబుతున్నందుకు ముందే క్షమించమని కోరుతున్నాం. (మా వేల్స్ కొండల్లో ఏ మాటైనా క్షమాపణతోనే మొదలవుతుంది. కాలు తొక్కినవాడి కంటే తొక్కించుకున్నవాడే ముందు సారీ చెబుతాడు.)

కౌన్సిలర్ ఇద్వల్ పెన్నాంట్ గారిని ఎవరైనా పెన్నాంట్ గారూ అని పిలిస్తే, పన్ను వసూలుకు వచ్చారేమోనని ఆయన తలుపు తియ్యరు. పొలం పేరు పెట్టి హవొద్ ఇద్వల్ అంటేనే పలుకుతారు. కొండ మీద గొర్రెలు, మాట వినని ఒక కుక్క, ఊరి ప్రార్థనలు జరిగే చాపెల్‌లో ముందు వరస బెంచీ, ఇవన్నీ ఆయనకు తండ్రి నుంచి సంక్రమించాయి. రాజకీయం మాత్రం పూర్తిగా స్వార్జితం. మీటింగుకు వెళ్ళకపోవడం ద్వారా ఆర్జించారు.

మా ఊళ్ళో రాజకీయాల్లోకి రావడానికి వేరే దారి లేదు మరి. సీటు ఖాళీ అయితే ఊరి హాల్లో సమావేశం పెడతారు. వచ్చినవాళ్ళంతా వరసగా "అబ్బే, నాకెందుకండీ, నాకంటే యోగ్యులున్నారు" అంటారు. ఆ పూట గొర్రె ఈనుతోందని రాలేకపోయినవాడు "అబ్బే" అనడానికి అక్కడ ఉండడు కనక ఏకగ్రీవంగా ఎన్నికైపోతాడు. ఇద్వల్ గారు చేతులు కడుక్కుని ఇంట్లోకి వచ్చేసరికి ఆయన కౌన్సిలర్. ఆ తరవాత ఏ ఎన్నికలోనూ ఆయన మీద ఎవరూ పోటీ చెయ్యలేదు, చేస్తే ఇద్వల్ నొచ్చుకుంటాడేమోనని. అలా ఒక్క ఓటైనా పడకుండా ఆయన ముప్పై ఏళ్ళుగా ప్రజాప్రతినిధిగా ఉన్నారు. ఆయనకు వ్యతిరేకంగా ఓటేసినవాడు లోయ మొత్తం మీద ఒక్కడూ లేడు. ప్రజాస్వామ్యంలో ఇంతకంటే మచ్చలేని రికార్డు ఎక్కడుందో చూపించండి.

ఆయనకు జిల్లా అంతటా పేరొచ్చింది మాత్రం వెల్ష్ భాష వల్ల. చిన్నప్పుడు ఊళ్ళ మధ్య జరిగే పద్యాల పోటీల్లో కప్పులు కొట్టుకొచ్చిన గొంతు అది. వెల్ష్‌లో ఆయన నోరు విప్పితే ఎదుటివాడి కళ్ళు చెమర్చి తీరాలి. ఒక అంత్యక్రియల్లో మాట్లాడితే, పోయినాయనతో పాతికేళ్ళుగా మాటల్లేని తమ్ముడు కూడా భోరుమన్నాడు. (తరవాత ఎందుకేడ్చానా అని తనమీద తనే విసుక్కున్నాడట.) ఆ గొంతుతోనే ఆయన మా ఊరి మలుపు దగ్గర రోడ్డు మీద "నెమ్మది" అన్న మాటను ఇంగ్లీషులోనే కాదు, వెల్ష్‌లోనూ రాయాలని, అదీ పైన రాయాలని పోరాడి సాధించారు. ఇప్పుడు డ్రైవర్లు రెండూ చదివేలోపు మలుపు వచ్చేసి, నేరుగా ఎల్వెడ్ గారి కంచెలోకి వెళ్తున్నారు. ఎల్వెడ్ గారు ఇంతవరకూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆయన కూడా కౌన్సిలరే, పైగా ఇద్వల్ గారి స్నేహితుడు. కంచె కంటే భాష ముఖ్యమంటారు.

ఈ సేవలన్నిటికీ గుర్తుగా జిల్లా కౌన్సిల్ వారు ఇద్వల్ గారికి "భాషా ధ్వజధారి" అనే పదవి ఇచ్చారు. దానికి అధికారాలు లేవు. ఫొటోలున్నాయి.

అంత భాష ఉన్న మనిషికి ఇంగ్లీషు రాదా అంటే, వచ్చు. మూడు రకాలుగా వచ్చు. వర్షం గురించి మాట్లాడే ఇంగ్లీషు ఒకటి, గొర్రెల సంతలో బేరమాడే ఇంగ్లీషు ఒకటి, కౌన్సిల్ ఇంగ్లీషు ఒకటి. ఈ మూడోది ఆయన ఏళ్ళ తరబడి అజెండాలు, మినిట్స్ చదివి నేర్చుకున్నారు కాబట్టి అచ్చం వాటిలాగే ఉంటుంది. ఆయన కోపం వెల్ష్‌లో ఉంది, ప్రేమ వెల్ష్‌లో ఉంది, ఏడుపూ అందులోనే ఉంది. ఇంగ్లీషులో ఆయన జన్మలో ఎవర్నీ తిట్టలేదు. ఆ భాషలో ఆయనకు తెలిసిందల్లా ధన్యవాదాలు చెప్పడం.

ఇక్కడే మా ఆచారం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పదిమంది వెల్ష్‌లో మాట్లాడుకుంటున్న చోటికి వెల్ష్ రాని మనిషి ఒక్కరు వచ్చినా పదిమందీ ఇంగ్లీషులోకి మారిపోతారు. మాట పూర్తయ్యాక మారరు, మాట మధ్యలోనే మారతారు. టీ కప్పు పెదాల దాకా వెల్ష్‌లో వెళ్ళి ఇంగ్లీషులో కిందికి దిగుతుంది. ఒకసారి చాపెల్ కమిటీ జరుగుతుండగా కరెంటు మీటరు చూసే మనిషి వస్తే, అతని కోసం కమిటీ అంతా ఇంగ్లీషులో నడిపారు. అతని తల బీరువాలాంటి మీటరు పెట్టెలో ఉంది. పైగా అతను పక్క లోయవాడే, పుట్టు వెల్ష్‌వాడే. ఎంతో కష్టపడి ఇంగ్లీషు మాట్లాడుకుంటున్నారు పాపం, మధ్యలో చెప్పడం బాగోదని ఊరుకున్నాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో తెలుగువారికి ఒక గట్టి సామెత ఉంది. (ఇంటిల్లిపాదీ చదివే చోట పూర్తిగా రాయడానికి మొహమాటంగా ఉంది.)

ఇలాంటి ఊళ్ళో ఒక బడి ఉంది. రెండు గదులు, ఒక పొయ్యి, చినుకు పడితే కారే వరండా. పిల్లలు వెల్ష్‌లో చదువుకుంటారు, వెల్ష్‌లో కొట్టుకుంటారు, వెల్ష్‌లోనే చాడీలు చెబుతారు. ఇద్వల్ గారు అక్కడే చదివారు. ఇప్పుడు దానికి హెడ్మిస్ట్రెస్ ఆయన చెల్లెలి కూతురు తెగ్వెన్. జిల్లా కౌన్సిల్‌లోని "మార్పు, ఆకాంక్షల విభాగం" వారు ఈ బడిని మూసి, పిల్లల్ని కొండ అవతలి పట్నంలో పెద్ద బడికి బస్సులో పంపాలని నిర్ణయానికొచ్చారు. నిర్ణయానికొచ్చాక, రూల్ ప్రకారం ప్రజాభిప్రాయం సేకరించారు. ఊరంతా సంతకాలు చేసి ఇచ్చిన విన్నపాన్ని, కాగితం ఒకటే కనక, ఒక అభిప్రాయంగా లెక్కించారు. మూయడం మంచిదేనని ఆ విభాగం ఉద్యోగులిద్దరు విడివిడిగా రాసిన అభిప్రాయాలను రెండుగా లెక్కించారు. దాంతో మెజారిటీ తేలిపోయింది.

విభాగం డైరెక్టర్ క్రిస్పిన్ హాల్‌ఫోర్డ్ గారు చాలా మంచివారు. ఏళ్ళ తరబడి వెల్ష్ నేర్చుకుంటున్నారు. "శుభోదయం" అనడం వచ్చేసింది, సాయంత్రం కూడా అంటారు. బడి మూస్తే భాష ఏమవుతుందన్న దానిమీద ఆయన ఒక నివేదిక తయారుచేయించారు. పిల్లలు రోజూ బస్సులో ఎక్కువసేపు కలిసి కూర్చుంటారు కాబట్టి ఆ సమయంలో వెల్ష్ మాట్లాడుకునే అవకాశం అదనంగా కలుగుతుందనీ, బడి ఎంత దూరమైతే భాషకు అంత లాభమనీ అందులో తేల్చారు.

ఆ నివేదిక పట్టుకుని తెగ్వెన్ ఒక ఆదివారం చాపెల్ ప్రార్థన అయ్యాక తిన్నగా హవొద్ వంటింట్లోకి వచ్చిపడింది.

"మావయ్యా, ఇది చదివావా?"

"చదివానే. వెల్ష్ ప్రతి ఇంకా బాగా రాశారు."

"బాగుంది సంబడం! బడి మూస్తున్నార్రా బాబూ అంటే రాత బాగుందంటావేంటి? బస్సెక్కితే భాషొస్తుందిట! అట్లాగైతే ఆ బస్సు డ్రైవరు ఈపాటికి మహాకవి అయ్యుండాలి!"

"అరవకు. కుక్క భయపడుతోంది." ఇద్వల్ గారు రొట్టె మీద వెన్న రాసి ఆమె ముందుకు తోశారు. "నేను ఊరుకున్నాననుకున్నావా? ఒక్కొక్క కౌన్సిలరు ఇంటికీ వెళ్లొచ్చాను. ఎల్వెడ్ మనవైపే. సముద్రతీరం సభ్యులు కూడా అటూ ఇటూ ఊగుతున్నారు. ముందు నువ్వు లేచి మాట్లాడు ఇద్వల్, నీ మాట విన్నాక మేం చెయ్యెత్తకుండా ఉంటామా అన్నారు."

"అంటే అంతా నీ నోటిమీదే ఉందన్నమాట."

"ఉంటే ఉండనీ. ఈ నోరు ఎప్పుడైనా మోసం చేసిందా?"

తెగ్వెన్ రొట్టె తుంచింది గాని తినలేదు. "మావయ్యా, నాకు వేరేచోట ఉద్యోగం దొరుకుతుంది, నా గురించి కాదు. ఆ పిల్లలు పట్నం బడికెళ్తే ఆటస్థలంలో మొదటి వారమే ఇంగ్లీషుకి తిరిగిపోతారు. నువ్వు చూస్తావుగా. మనూళ్ళో మన మాట మాట్లాడే ఆఖరి పిల్లలు వీళ్ళే."

ఆ మాట ఆయనకు గుండెలో గుచ్చుకుంది. ఇద్వల్ గారు ఆ వారమంతా గొర్రెల దగ్గర, కంచెల దగ్గర, వానలో ట్రాక్టరు మీద కూర్చుని ప్రసంగం తయారుచేసుకున్నారు. అలాంటి ప్రసంగం ఆయన జన్మలో చెయ్యలేదు. తనకు అక్షరాలు దిద్దించిన పంతులమ్మ దగ్గర మొదలై, ఆ బడిలో చదివి పెద్దయ్యాక యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని పిల్లల మీదుగా సాగి, "ఈ తలుపు మూస్తే తెరిచేవాడు పుట్టడు" అన్న మాట దగ్గర ఆగుతుంది. కుక్కకు వినిపించారు. కుక్క మొదటిసారి చెప్పినచోట కూర్చుంది.

జిల్లా కౌన్సిల్ సభామందిరంలో వెనక ఒక అద్దాల గది ఉంటుంది. అందులో సియోనెడ్ అనే అనువాదకురాలు కూర్చుని, వెల్ష్‌లో మాట్లాడినదాన్ని అప్పటికప్పుడు ఇంగ్లీషు చేస్తుంది. వెల్ష్ రానివాళ్ళు చెవులకు తగిలించుకునే యంత్రాల్లో అది వినబడుతుంది. ఈ ఏర్పాటు కోసం ఇద్వల్ గారే ఒకప్పుడు పోట్లాడారు. ఇప్పుడు వెల్ష్ వచ్చిన సభ్యుల్లో దీన్ని వాడేది ఆయనొక్కరే. మిగతావాళ్ళు, ఎదుటివాళ్ళు చెవికి యంత్రం పెట్టుకోవడానికి ఎంత ఇబ్బంది పడతారో అని ఇంగ్లీషులోనే కానిచ్చేస్తారు. అందుచేత సియోనెడ్‌కు ఆ గదిలో చాలా అల్లిక పనులు పూర్తయ్యాయి.

ఆ రోజు బయట వాన. లోపల తడిసిన కోట్ల వాసన. ప్రజల కోసం వేసిన కుర్చీల్లో తెగ్వెన్ కూర్చుంది. ఆమె పక్కన గెయిల్ అనే ఆవిడ కూర్చుంది. ఇంగ్లండు నుంచి వచ్చి మా ఊరి పాత పోస్టాఫీసు కొనుక్కుని అందులో కాపురముంటోంది. ఇద్వల్ గారికి ముఖపరిచయం. దుకాణం దగ్గర ఒకటి రెండుసార్లు ఆవిడ వెల్ష్‌లో ఏదో అనబోతే, పాపం ఎందుకొచ్చిన అవస్థ అని ఆయన వెంటనే ఇంగ్లీషులో వర్షం గురించి మాట్లాడి ఆదుకున్నారు.

ఛైర్మన్ ఆయన పేరు పిలిచారు. ఇద్వల్ గారు లేచారు. సభలో ఇంగ్లీషువాళ్ళంతా అలవాటుగా చెవులకు యంత్రాలు తగిలించుకున్నారు. సియోనెడ్ అల్లిక పక్కన పెట్టింది.

"ఆ బడి వరండా కారుతుందని నివేదికలో రాశారు," అని మొదలుపెట్టారు ఆయన, వెల్ష్‌లో. "నిజమే. నా చిన్నప్పుడూ కారేది. ఆ నీళ్ళ కింద నిలబడే నేను మొదటి పద్యం నేర్చుకున్నాను. కారే కప్పు కింద నేర్చుకున్న మాట ఇవాళ్టికీ ఆరలేదు నా నోట్లో."

తీరం సభ్యుడొకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎల్వెడ్ గారు అప్పుడే చెయ్యి సగం ఎత్తేశారు. తెగ్వెన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడు ఇద్వల్ గారి చూపు గెయిల్ చెవుల మీద పడింది.

చెవులకు యంత్రం లేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుర్చీ అంచుకు వచ్చి, నుదురు ముడిచి, పెదాలు కదుపుతూ ఆయన్నే చూస్తోంది. యంత్రం పెట్టుకోమని ఆయన చేత్తో సైగ చేశారు. ఆవిడ నవ్వి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. చెడిపోయిందన్నమాట, అనుకున్నారు ఇద్వల్ గారు. ఒక మనిషి అర్థం కాక అల్లాడుతుంటే తను కారే కప్పు గురించి, పద్యాల గురించి గొప్పలు పోవడమా? అమ్మ బతికుంటే ఏమనేది? ఆయన చెవులు వేడెక్కాయి. ఆగు, ఒక్క నిమిషం ఆగు అని లోపల ఏదో అరిచింది. కాని ముప్పై తరాల మర్యాద ముందు అదెంత?

ఆయన మాట మధ్యలోనే ఇంగ్లీషులోకి మారిపోయారు.

వెతుక్కున్నారు. పంతులమ్మకు ఇంగ్లీషు దొరకలేదు. తిరిగిరాని పిల్లలకు దొరకలేదు. దొరికిందల్లా మూడో రకం ఇంగ్లీషు. అది ఎన్నో ఏళ్ళుగా సిద్ధంగా ఉంది కనక, ఆయన ప్రమేయం లేకుండానే బయటికొచ్చింది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"గౌరవనీయ అధ్యక్షా, సదరు నివేదికను గమనించడమైనది. దీని తయారీలో అధికారులు కనబరచిన శ్రమకు కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను. స్థానిక ప్రజల మనోభావాలు కూడా గమనించబడినవని గమనిస్తూ, నివేదికలోని సిఫార్సును... సిఫార్సును ఆమోదించవలసిందిగా సవినయంగా ప్రతిపాదిస్తున్నాను."

కూర్చున్నారు. కూర్చున్నాక గాని ఏమన్నారో ఆయనకు తెలియలేదు.

ఇద్వల్ ప్రతిపాదించినదాన్ని బలపరచడం ఎల్వెడ్ గారికి అలవాటు. ఎత్తిన చెయ్యి ఎలాగూ ఎత్తే ఉంది, బలపరిచేశారు. మిగతా సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బడి ఉన్న ఊరి ప్రతినిధే మూయమంటుంటే కాదనడం మర్యాదా? వ్యతిరేకంగా ఓటెయ్యాలని వచ్చినవాళ్ళు కూడా ఆయన్ని నొప్పించలేక చేతులెత్తారు. ఆఖరికి, అందరూ ఎత్తాక తనొక్కరూ ఎత్తకపోతే ఎల్వెడ్‌ని అవమానించినట్టవుతుందని, ఇద్వల్ గారు కూడా ఎత్తారు. తీర్మానం ఏకగ్రీవం. హాల్‌ఫోర్డ్ గారు లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ, వెల్ష్‌లో "శుభోదయం" అన్నారు.

సభామందిరం వరండాలో ఎల్వెడ్ గారు పరిగెత్తుకొచ్చి భుజం చరిచారు. "ఒరేయ్ ఇద్వల్, ఏం ఎత్తు వేశావురా! నాకు దిమ్మ తిరిగిపోయిందనుకో. సరే, తరవాతి ఎత్తేంటి?"

"ఏ ఎత్తు?"

"అదేరా, బడిని కాపాడే ఎత్తు."

ఇద్వల్ గారు గోడకు చేరగిలబడ్డారు. ఎల్వెడ్ గారి నవ్వు నెమ్మదిగా ఆరిపోయింది. ఇద్దరూ కలిసి హాల్‌ఫోర్డ్ గారి గదికి వెళ్ళారు, ప్రతిపాదన వెనక్కి తీసుకోవచ్చునా అని అడగడానికి. ఆయన టీ ఇచ్చారు. తప్పకుండా తీసుకోవచ్చుననీ, ఆరు నెలల తరవాత పునఃపరిశీలన కోరే హక్కు ఏ సభ్యుడికైనా ఉందనీ, భవనం ఈలోగానే అమ్ముడవుతుంది కాబట్టి ఆ పరిశీలనకు అడ్డంకులేవీ ఉండవనీ చెప్పారు. ఇద్వల్ గారు లోపల కుతకుత ఉడికిపోతూ, బల్ల మీద గుద్దుదామని చెయ్యెత్తి, ఇంగ్లీషులో, "మీ సహకారానికి ధన్యవాదాలు," అన్నారు. టీ కూడా బాగుందన్నారు.

కార్లు నిలిపే చోట తెగ్వెన్ వానలో నిలబడి ఉంది. గొడుగు చేతిలోనే ఉంది గాని తెరవలేదు.

"ఎందుకు మావయ్యా?"

"తెగ్వెన్, అమ్మా..."

"వాళ్ళంతా ఏడుస్తున్నారు మావయ్యా! నేను కళ్ళారా చూశాను! ఇంకో రెండు మాటలు, అంతే, నీ నోటితో, మన మాటలో. ఎందుకాపావు? ఎవరు ఆపమన్నారు నిన్ను?"

"ఆ పోస్టాఫీసావిడ ఉంది కదే. యంత్రం చెడిపోయినట్టుంది. అర్థం కాక నానా అవస్థా పడుతోంది. నేనెలా చూస్తూ ఊరుకోను?"

తెగ్వెన్ ఆయన భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. ఇద్వల్ గారు తిరిగారు. గెయిల్ నిలబడి ఉంది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది.

"ఇద్వల్ గారూ," అంది ఆవిడ, వెల్ష్‌లో. ఒక్కో మాటా గిన్నెలోంచి గుడ్డు తీసినంత జాగ్రత్తగా తీసి పెడుతోంది. "యంత్రం బాగానే ఉంది. నేనే తీసేశాను. మా అమ్మాయి ఆ బడిలో చదువుతోంది. దానితో దాని మాటలో మాట్లాడాలని, రెండేళ్ళ నుంచి, ప్రతి మంగళవారం, చాపెల్ వెనక గదిలో క్లాసుకు వెళ్తున్నాను. మీరు చాలా బాగా మాట్లాడతారని తెగ్వెన్ చెప్పింది. అందుకని ఇవాళ... మధ్యలో ఎవరూ లేకుండా, మీ గొంతులోనే వినాలనుకున్నాను." ఊపిరి పీల్చుకుంది. "అర్థమైంది. వరండా, నీళ్ళు, పద్యం. అంతా అర్థమైంది నాకు. ఇంత పెద్ద ప్రసంగం అర్థం కావడం ఇదే మొదటిసారి. తరవాత ఎందుకు ఆపేశారు?"

ఇద్వల్ గారికి భూమి చీలి లోపలికి పోవాలనిపించింది. నిజంగా అనిపించింది, కళ్ళు మండాయి. అయ్యో తల్లీ, ఎంత పని చేశాను తల్లీ అని ఆవిడ చేతులు పట్టుకుని ఏడవాలనిపించింది. అదంతా నోటిదాకా వచ్చింది కూడా. కాని ఎదురుగా వానలో తడుస్తూ నిలబడింది ఒక ఇంగ్లీషావిడ. తమ భాషలో మాట్లాడటానికి అంత కష్టపడుతోంది. ఆమెను ఇంకా కష్టపెట్టడమా?

"మేడమ్," అన్నారు ఇంగ్లీషులో, టోపీ తీసి. "మా భాష పట్ల మీరు కనబరుస్తున్న ఆసక్తి మిక్కిలి అభినందనీయం. తమకు కలిగిన అసౌకర్యానికి విచారం వ్యక్తం చేస్తున్నాను."

రెండేళ్ళ క్లాసుల్లో మా అసలు ఆచారం ఆవిడకు ఎవరూ నేర్పలేదు. ఆ సాయంత్రం, ఆ వానలో, ఒక్క నిమిషంలో నేర్చుకుంది.

"పర్లేదండీ, ఇబ్బందేమీ లేదు," అంది, ఇంగ్లీషులో.